బూడిద సిమెంటు మీద అంత చిన్నచూపెందుకు?

మా మేస్త్రీ దృష్టిలో సిమెంటు రెండే రకాలు. ఒకటి ఫిఫ్టీత్రీ గ్రేడు, రెండోది ‘బూడిద కలిపింది’. రాజమండ్రి శివార్లో కట్టుకుంటున్న చిన్న ఇంటికి కాస్త తక్కువ కాలుష్యంతో కాంక్రీటు పోయిద్దామని నేనంటే, ఆయన దాన్ని పిసినారితనం కింద జమకట్టేశాడు. “స్లాబు దగ్గర బేరాలెందుకండీ బాబూ, జీవితంలో ఒక్కసారి కట్టుకునేది, ఆయ్!” అన్నాడు.

నా బాధ బేరం గురించి కాదు, కాలుష్యం గురించి. సున్నపురాయిని 1,450 డిగ్రీల వేడిలో కాల్చి క్లింకరు చేస్తారు. దాన్ని మెత్తగా పిండి చేస్తేనే సిమెంటు. పొగంతా బొగ్గుదే అనుకుంటాం గానీ, కార్బన్ డయాక్సైడులో సగానికి పైగా ఆ రాయిలోంచే బయటికొస్తుంది. ప్రపంచం మొత్తం వదిలేదాంట్లో 8 శాతం దాకా సిమెంటు వాటాయే. ఇంటి లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందాన పోస్తే తొంభై పైచిలుకు బస్తాలు పడతాయి. మామూలు సిమెంటయితే ఆ ఒక్క స్లాబు ఖాతాలో సుమారు 4 టన్నుల కార్బన్ డయాక్సైడు.

కాబట్టి క్లింకరు తగ్గిన సిమెంటు కావాలి. అది ఎక్కడో విదేశాల్లో దొరికే వస్తువేం కాదు, వీధి చివరి కొట్లోనే ఉంది. బస్తా మీద పీపీసీ అని ఉంటే థర్మల్ కేంద్రాల బూడిద 15 నుంచి 35 శాతం కలిసినట్టు. పీఎస్సీ అని ఉంటే ఉక్కు కొలిమిలో మిగిలిన స్లాగు 25 నుంచి 70 శాతం. ఇబ్రహీంపట్నం, పరవాడ థర్మల్ కేంద్రాల్లో బూడిద, విశాఖ ఉక్కులో స్లాగు ఉండగా మనకి వేరే గనులెందుకు? పైగా నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికీ, భీమవరం చుట్టుపక్కల చెరువుల ఉప్పునీటికీ లోపలి ఇనుము తుప్పు పట్టకుండా కాపాడటంలో స్లాగు సిమెంటుదే పైచేయి.

ఇటుకల విషయంలోనైతే మనవాళ్లే దారి చూపించారు. విశాఖలో ఇన్‌స్వారెబ్ సంస్థ పెట్టిన డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి ‘ఫాల్-జి’ ఇటుకలకి రూపమిచ్చారు. వాటికి బట్టీ అక్కర్లేదు, నీళ్లతో తడిపితే చాలు, గట్టిపడతాయి. ఊక తగలేసి కాల్చే ఇటుకలకి లంకల్లో మట్టి తవ్వుకుపోవడం చూసినవాళ్లకి ఈ ఇటుకల విలువ వేరే చెప్పాలా?

ఊకంటే గుర్తొచ్చింది. మండపేట, తణుకు మిల్లుల ఊక బూడిదలో సిలికా పుష్కలంగా ఉంటుంది కదా, కాంక్రీటులో కలిపేద్దాం అని సలహా ఇచ్చే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వేడి అదుపులో పెట్టి, సుమారు 700 డిగ్రీలు దాటకుండా కాలిస్తేనే ఆ సిలికా పనికొచ్చే స్థితిలో ఉంటుంది. బాయిలర్లోంచి ఎత్తిన నల్ల బూడిదలో కాలని బొగ్గు మిగిలిపోతుంది. గోనెల్లో తెచ్చి స్లాబులో పోయించే ప్రయోగం మాత్రం వద్దు.

ఇంతకీ మేస్త్రీ అభ్యంతరం వెనక అసలు సంగతి సెంట్రింగు అద్దె. బూడిదైనా స్లాగైనా, సిమెంటు తడిసినప్పుడు విడుదలయ్యే సున్నంతో మెల్లగా కలుస్తుంది. చివరికి బలం తక్కువేం కాదు గానీ మొదటి రోజుల్లో తొందరపడదు. రేకులు త్వరగా ఊడదీసి పక్కింటి పనికి పట్టుకెళ్లాలంటే ఫిఫ్టీత్రీ గ్రేడే హాయి. అదనపు రోజుల అద్దె నేనిస్తానని మాటిచ్చాక ఆయన పీఎస్సీకి తల ఊపాడు.

పోసిన స్లాబుని తడిపే దగ్గర మాత్రం ఆయన చెప్పిందానికంటే ప్రమాణం చెప్పిందే విన్నాను. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు తడి ఆరకూడదు, ఇలాంటి కలిపిన సిమెంట్లకి కనీసం 10 రోజులు, ఎండాకాలంలో 14 అయితే మేలు. మన దగ్గర చిక్కంతా ఇక్కడే. స్లాబులు ఎక్కువగా వేసవిలో పడతాయి, సరిగ్గా అప్పుడే కాలవలకి నీళ్లు కట్టేస్తారు. ఇక బోరే దిక్కు. కోనసీమ తీరంలో చాలాచోట్ల ఆ బోరునీళ్లు ఉప్పు, నోట్లో పెట్టుకోలేం. ఇనుము వేసే కాంక్రీటుకి నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. శంకుస్థాపనకి పంతులుగారిని ముహూర్తం అడుగుతాం గానీ, స్లాబు రోజు ఖాయం చేసేముందు కాలవ కట్టేసే తేదీ ఒక్కరమూ అడగం.

ఇంకోటి, అసలు పొయ్యని కాంక్రీటే అన్నిటికన్నా పచ్చనిది. గేటు మీద స్వాగతతోరణం, ఎవరూ ఎక్కని బాల్కనీ, గోడల్లో కనబడకుండా పోయే లావు దూలాలు ప్లాను గీసేటప్పుడే కొట్టేస్తే ఆ మేరకు కాలుష్యం తగ్గుతుంది. మేం రెండు బాల్కనీలు మానేశాం. చుట్టాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఈ ఏడు ఇల్లు మొదలుపెట్టేవాళ్లకి నా మనవి ఇంతే. బస్తా మీద పీపీసీయో పీఎస్సీయో, ఐఎస్ఐ గుర్తు, తయారైన వారం చూసి దింపించుకోండి, నెలల తరబడి నిలవున్నది వెనక్కి పంపండి. నీళ్లు పరీక్ష చేయించండి. సెంట్రింగు రోజులు ఇంజినీరుతో, అద్దె మేస్త్రీతో స్లాబు రోజుకి ముందే మాట్లాడుకోండి.