పనులు ఆపేసిన మరుసటి ఏడు

ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బాసగూడ పక్కన పారే తాలిపేరు కొండల మధ్య నుంచి దక్షిణానికి దిగి, చర్ల మండలంలో గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి వెంట ఇంకాస్త కిందికి వస్తే దుమ్ముగూడెం. సేవకుడు పిలుపుకు నిలబడటమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈ నీటి దారినే రావాలి.

దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలో కట్టిన పాత ఆనకట్ట ఇప్పటికీ ఉంది. నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని బ్రిటిష్ ప్రభుత్వం ఎగువ గోదావరి పనులు మొదలుపెట్టింది. నది మధ్య మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి. మొదటిది ఇక్కడే. ఆ పనులు చూసిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ చుట్టుపక్కల కోయగూడేలను చూశాడు. వీళ్లకు సువార్త చెప్పేవాళ్లు ఎవరూ లేరన్న భారం ఆయనను పట్టుకుంది.

ఆ భారాన్ని నిజంగా మోసింది మాత్రం ఆయన కింద పనిచేసిన తెలుగు ఉద్యోగి వెంకటరామరాజు. రాజుల కులంలో పుట్టినవాడు, సర్కారు కొలువు ఉన్నవాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో అలాంటి ఇంట్లోంచి ఆ అడుగు వేయడమంటే బంధువుల గడపలు మూసుకుపోవడమే. తరవాత కొలువు వదిలి కోయల మధ్య సేవకు దిగాడు.

1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులు ఆపేసింది. అంతవరకు ఆ ఒడ్డుకు జనాన్ని రప్పించింది ఆ పనే. అది పోయాక అక్కడ అడవి, మన్యం జ్వరం, కోయగూడేలు మిగిలాయి. మరుసటి ఏడు, 1872లో, వెంకటరామరాజు అభిషేకం పొందాడు. పిలుపు గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా మొదటి రోజు గురించి చెబుతారు: ఏ కూటంలో విన్నారు, ఏ రాత్రి కన్నీళ్లు పెట్టుకున్నారు అని. అసలు పరీక్ష అంతకంటే ఆలస్యంగా వస్తుంది. మనల్ని ఆ ఊరికి తెచ్చిన ఉద్యోగం, జీతం, స్నేహితులు వెళ్లిపోయాక వస్తుంది. ఆ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే రాజు ఏం చేశాడో అర్థమవుతుంది.

ఆ తరవాత అక్కడ సేవ చేసిన జాన్ కెయిన్ కోయమాట నేర్చుకుని, వాళ్ల ఆచారాలను 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో రాశాడు. కోయవాళ్లు చనిపోయిన మనిషి మంచాన్ని చితి మీద పెట్టాక, చంపిన ఆవు తోకను కోసి ఆ మనిషి చేతిలో పెడతారని ఆయన నమోదు చేశాడు. ఎవరి చావుకైనా వెళ్లి, చితి దగ్గర నిలబడి, ఎందుకని అడిగితే తప్ప తెలిసే సంగతి కాదది. సేవలో నమ్మకంగా ఉండటంలో సగం ఇదే. లూకా సువార్త కోయలోకి ఆ శతాబ్దంలోనే వచ్చిందంటే దాని వెనక ఇలాంటి ఓపిక ఉంది.

దుమ్ముగూడెం తరవాత దోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరింది. దాని మొదటి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శి పదవి వదిలేసి 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆ పల్లెల్నే నమ్ముకున్నాడు.

మళ్లీ తాలిపేరు పైకి వెళదాం. ఒకప్పుడు చింతపండుకు, ఇప్పపువ్వుకు పేరున్న సంత బాసగూడది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక ఊరు ఖాళీ అయింది. చుట్టుపక్కల గూడేల నుంచి కొందరు శిబిరాలకు, కొందరు సరిహద్దు దాటి ఖమ్మం అడవులకు వెళ్లారు. కొన్నేళ్లకు జనం తిరిగొచ్చారు. అలాంటి చోట కాపరి పని ప్రసంగం చెప్పడం ఒక్కటే కాదు. ఎవరు ఎక్కడికి పోయారో గుర్తుంచుకోవాలి, తిరిగొచ్చినవాళ్లను పేరు పెట్టి పలకరించాలి.

బస్తర్‌లో ఇప్పుడు చావు కూడా సేవకుడికి పరీక్షే. 2025 జనవరి 7న బస్తర్‌లోని ఛింద్‌వాడాకు చెందిన ఒక పాస్టర్ చనిపోతే, సొంతూళ్లో పూడ్చడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. శవం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఇద్దరు న్యాయమూర్తులు రెండు అభిప్రాయాలు చెప్పి, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఆ ఊరి మనిషికి అక్కడ ఆరడుగుల నేల దొరకకపోవడం అన్యాయం.

హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి బస్తర్‌కు సేవకు బయలుదేరే తమ్ముళ్లకు ఒక మనవి. రెండు రోజుల కూటం పెట్టి ఫొటోలతో తిరిగి రాకండి. ఒక్క వానాకాలం అక్కడే ఉండి, కోయమాట నేర్చుకుని, ఒక చావుకు వెళ్లి కూర్చుని రండి.