‘డిస్కవర్ కెనడా’ – ఒక పరిశీలన

కెనడా పౌరసత్వం కోరుకునేవారి కోసం ఇక్కడి ప్రభుత్వం 2009లో ‘డిస్కవర్ కెనడా’ అనే పుస్తకాన్ని వెలువరించింది. మనవాళ్ళ ఇళ్ళలో పెద్దబాలశిక్ష ఉన్నా లేకపోయినా ఈ పుస్తకం మాత్రం ఎప్పుడో ఒకప్పుడు వచ్చి వెళ్ళే ఉంటుంది. ఐతే దాన్ని పుస్తకంగా చదివినవారు తక్కువ, గైడుగా చదివినవారే ఎక్కువ. పరీక్షలో 20 ప్రశ్నలు. 15 సరైతే పాసు. ఎంసెట్ దాటి, మెడిసినో ఇంజనీరింగో ముగించి, ఈ దేశం వచ్చి మళ్ళీ లైసెన్సు పరీక్షలు రాసిన మనకు ఇదొక లెక్క కాదు. రెండు సాయంత్రాలు కూర్చుంటే సరి. ఇటీవల ఆ పుస్తకాన్ని పరీక్ష తొందర లేకుండా మళ్ళీ తీసి చదివాము. అందులో పౌరుని బాధ్యతలను గురించి చెప్పిన భాగం మీద నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము.

పుస్తకం చూడముచ్చటగా ఉన్నది. బొమ్మలు ఎక్కువ, వాక్యాలు చిన్నవి. వచ్చిన కొత్తలో రాజరికం గురించీ సైన్యం గురించీ మోతాదు మించిందని ఇక్కడి పండితులు విమర్శించారు. మాకు దానిమీద పెద్ద పట్టింపు లేదు. యుద్ధాలలో పోయినవారిని తలుచుకోవటం తప్పు కాదు. మా ఫిర్యాదు వేరు. బాధ్యతల భాగం ఒక పుట కూడా నిండదు. చట్టానికి లోబడటం, సంపాదించుకుని కుటుంబాన్ని పోషించుకోవటం, పిలిస్తే జ్యూరీలో కూర్చోవటం, ఓటు వేయటం, ఇరుగుపొరుగుకు సాయపడటం, దేశపు వారసత్వాన్నీ పరిసరాలనూ కాపాడుకోవటం – ఇవీ ఆరు. ఆరింటినీ ఒకే త్రాసులో తూచినట్లు వరుసగా చెప్పి ఊరుకున్నారు. చట్టం మీరితే జైలుంది. జ్యూరీ పిలుపు అంది కూడా పోకపోతే శిక్ష ఉంది. ఓటు వేయకపోతే మాత్రం అడిగే నాథుడు లేడు (ఆస్ట్రేలియాలో ఐతే జరిమానా వేస్తారు). ఎవరూ అడగని పనిని బాధ్యత అని ఎందుకంటున్నారో ఈ పుస్తకం చెప్పదు.

ఇలాంటి జాబితాలు మనకు కొత్త కాదు. 1976లో 42వ సవరణతో భారత రాజ్యాంగంలో పది ప్రాథమిక విధులు చేర్చారు. 2002లో పదకొండవది కలిసింది. హక్కులకు తాళం వేసిన ఎమర్జెన్సీ రోజులలోనే ఏలినవారికి మన విధులు గుర్తుకు రావటం వేరే కథ. సాంఘికశాస్త్రం పరీక్షలో వాటిని వరుస తప్పకుండా అప్పగించి మార్కులు తెచ్చుకున్న తరం మాది. ఆ చదువే ఇక్కడా అక్కరకు వచ్చింది.

జ్యూరీ విషయంలో ఒక తమాషా ఉన్నది. అంటారియో జ్యూరీల చట్టం ప్రకారం ప్రాక్టీసులో ఉన్న వైద్యులను జ్యూరీకి తీసుకోరు. లాయర్లనూ తీసుకోరు, పశువైద్యులనూ తీసుకోరు. ఆపరేషను వదిలేసి డాక్టరు కోర్టులో కూర్చోకూడదన్న ఆలోచన సబబే. కాని మన ఉగాది సభలో ఏ వరుసలో చూసినా నలుగురు డాక్టర్లు కనబడతారు కదా! వారి వరకు ఆరింటిలో ఒకదాన్ని చట్టమే కొట్టివేసింది. సంపాదించి కుటుంబాన్ని పోషించుకొమ్మని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చట్టానికి భయపడమని అసలే చెప్పనక్కరలేదు. గట్టిగా చూస్తే మిగిలేది ఓటు, దాని వెంట ఊరి పని.

ఆ ఓటు దగ్గరే పుస్తకం మరీ పలచబడింది. ఆసియా సంతతివారిలో చాలామందికి ఒకప్పుడు ఓటు లేదనీ, చిట్టచివర 1948లో జపాను సంతతివారికి వచ్చిందనీ రెండు ముక్కల్లో తేల్చేశారు. మనదేశపువారి సంగతి ఏమిటి? 1907లో బ్రిటిష్ కొలంబియా శాసనసభ భారతదేశం నుంచి వచ్చినవారి ఓటును తీసివేసింది. ఫెడరల్ ఎన్నికలకు ఆనాడు ప్రావిన్సు జాబితానే ఆధారం కనుక ఆ ఓటూ పోయింది. జాబితాలో పేరు లేనివాడు ఆ ప్రావిన్సులో లాయరు కాలేడు, ఫార్మసిస్టు కాలేడు. ఓటు పోవటమంటే నాలుగేళ్ళకొక పూట పని తప్పటం కాదు, బిడ్డల చదువులకు దారి మూసుకుపోవటం. రంపపు మిల్లులలో పనిచేసే పంజాబీలు, 1906లో ఏర్పడిన వాంకూవరు ఖాల్సా దివాన్ సొసైటీవారు వినతిపత్రాలు పట్టుకుని తిరిగి తిరిగి 1947లో ఆ ఓటును వెనక్కు తెచ్చుకున్నారు. నలభై ఏళ్ళు పట్టింది. ఈ నేలకు అసలు హక్కుదారులైన ఆదివాసులలో ఇండియన్ చట్టం కింద నమోదైనవారికి షరతులు లేని ఫెడరల్ ఓటు 1960లో గాని రాలేదు. మన తెలుగువాళ్ళం ఎక్కువగా వచ్చింది 1967లో పాయింట్ల పద్ధతి పెట్టిన తరువాత. అప్పటికి తలుపు తీసే ఉన్నది.

మనం వదులుకునేది ఏమిటో కూడా చూడాలి. అది కెనడా ప్రభుత్వపు పుస్తకంలో ఉండదు. కెనడాకు 1977 చట్టం నుంచి జంట పౌరసత్వంతో పేచీ లేదు. పేచీ మనదేశానిదే. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం, ఇంకొక దేశపు పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. దానికి ఊరడింపుగా 2006 జనవరిలో మన హైదరాబాదు ప్రవాసి సభలోనే ఓ.సి.ఐ. కార్డును ప్రారంభించారు. పేరులో పౌరసత్వం ఉన్నది గాని కార్డుకు ఓటు లేదు. తాతలనాటి మడిచెక్క వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, పక్కనున్న అరెకరం కొనరాదు. జీవితకాలపు వీసా అని ఉన్నమాట అంటే గొడవ వదిలేది.

మా ఆసుపత్రిలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సులు చాలామంది ఉన్నారు. వారితో ఈ మాట చెబితే నమ్మలేరు. వారి దేశం 2003లో చేసిన 9225వ నంబరు చట్టం ప్రకారం, పుట్టుకతో ఫిలిపినో ఐనవారు వేరొక దేశపు పౌరులైనా, తమ రిపబ్లిక్కుకు ప్రమాణం చేసి పాత పౌరసత్వాన్ని నిలుపుకోవచ్చు, ఇక్కడి నుంచే అక్కడి ఎన్నికలలో ఓటు వేయవచ్చు. వారికి రెండు ఓట్లు. మనకు ఉన్నది ఒక్కటే; దాన్నీ వేయకపోతే సున్న. అంత పెద్ద ప్రజాస్వామ్యంలో ఓటును ఇచ్చివేసి తెచ్చుకున్నది ఎయిర్‌పోర్టులో పొట్టి క్యూ ఒక్కటేనా?

2022 అంటారియో శాసనసభ ఎన్నికలలో సుమారు 44 శాతం మంది ఓటు వేశారు. ఆ ఏడాదే టొరంటో నగర ఎన్నికలలో 30 శాతమైనా రాలేదు. కనుక ఈ జబ్బు మనది ఒక్కరిదే కాదు. ఐనా మన విందులలో అమరావతి గురించీ వాషింగ్టన్ గురించీ గంటల తరబడి వాదించే పెద్దమనుషులను మీ వార్డు కౌన్సిలరు ఎవరండీ అని అడిగి చూడండి, నీళ్ళు నములుతారు. పౌరుడు అన్న మాట పురం నుంచి వచ్చింది. పురంలో ఉండేవాడు పౌరుడు. బస్సు, గ్రంథాలయం, పిల్లల క్రికెట్ మైదానం, మన సభలకు అద్దెకు దొరికే కమ్యూనిటీ హాలు – ఇవన్నీ పురం పనులే. ఏ ప్రభుత్వానికి ఏ పని అన్నది పుస్తకంలో ఉన్నది. దాన్ని ఓటుతో ముడిపెట్టి చూపలేదు.

ఒక్క ఉదాహరణ. అంటారియోలో 1977 నుంచి స్కూలు బోర్డుల కింద మాతృభాషల తరగతులు నడిపే పథకం ఉన్నది. తగినంతమంది తల్లిదండ్రులు కలిసి కోరితే బోర్డు తరగతి పెట్టవలసినదే. ఆ బోర్డుకు ట్రస్టీలను మునిసిపల్ ఎన్నికలలోనే ఎన్నుకున్నారు, 2022 అక్టోబరు నాల్గవ సోమవారంనాడు. ఆ రోజు మేయరు పేరుకు గుర్తు పెట్టి, ట్రస్టీల వరుస ఖాళీగా వదిలేసి వచ్చినవారు మేము ఎరిగిన ఇళ్ళలోనే ఉన్నారు. వారి పిల్లలే ఆదివారం పొద్దున ఎవరింటి బేస్‌మెంటులోనో వంతులవారీగా అ, ఆలు దిద్దుతున్నారు.