బొమ్మ ఒకరిది, దెబ్బ ఒకరికి

పుస్తకాలకేనా సమీక్షలు? ఈ వారం ఓ పోస్టరు తీసుకుని కూర్చున్నాను.

యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని బ్రిటన్ జనం ఓటెయ్యడానికి సరిగ్గా వారం ముందు, 2016 జూన్ 16న, యూకిప్ పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ ఆవిష్కరించిన పోస్టరది. నిండా మనుషులు, చీమలబారులా. పైన ఎర్రటి పెద్ద అక్షరాలు. ఇక తట్టుకోలేమని వాటి భావం.

ఫొటో అబద్ధం కాదు. 2015లో స్లొవేనియాలో జెఫ్ మిచెల్ తీసింది. యుద్ధాలకు చెదిరి, కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న శరణార్థులు. స్లొవేనియాకీ బ్రిటన్‌కీ మధ్య ఎన్ని దేశాలో! పైగా యూనియన్ పౌరులకుండే రాకపోకల హక్కు వీళ్లకి లేనే లేదు. అయితేనేం, నాలుగక్షరాలు తగిలించేసరికి నడక కాస్తా దండయాత్ర అయి కూర్చుంది. పనితనమే, ఒప్పుకోవాలి.

51.9 శాతం మంది బయటికే ఓటేశారు. బొమ్మలోని వాళ్లు ఎదురుగా లేరాయె, మరి కోపం ఎవరిమీద తీరాలి? ఒకటి రెండు రోజుల్లోనే హంటింగ్‌డన్‌లో పోలెండువాళ్లని పురుగులని తిడుతూ చీటీలు కనబడ్డాయి. ఓ బడి దగ్గర కూడాను. ఆ జులైలో ఇంగ్లండ్, వేల్స్ పోలీసులు నమోదు చేసిన జాతి, మత విద్వేష నేరాలు అంతకుముందు జులై కంటే 41 శాతం ఎక్కువ. అక్కడే పుట్టి పెరిగినవాళ్లని సైతం మీ దేశం పొమ్మన్నారు.

ఆ చీటీ కూడా రచనే కదా! తడవకుండా ప్లాస్టిక్ పూత. ఇంగ్లీషుతోబాటు పోలిష్‌లోనూ రాయించారు. పొమ్మనడానికి వాళ్ల భాషే కావలసివచ్చింది మరి.