మరణశాతం ఒక్కటే కొలబద్దా?

మెదడులో కణితి పెరిగిన రోగికి జరిగిన చికిత్స మంచిదో కాదో దేనితో కొలవాలి? ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్ప పూనుకొన్న ప్రసిద్ధ గ్రంథం ఒకటి 1932లో వెలువడినది. గ్రంథకర్త అమెరికాలోని బోస్టన్ నగరంలో పనిచేసిన శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్. రెండువేల మెదడు కణితులను జాతులవారీగా విభజించి, ఒక్కొక్క జాతిలో శస్త్రచికిత్సా మరణాలు నూటికి ఎన్నో అందులో చూపినాడు. మరణశాతాల ప్రస్తావన గ్రంథం పేరులోనే ఉన్నది.

ఈ లెక్కలో మెచ్చుకోదగిన గుణాలు రెండున్నవి. కణితి అని ఊహించిన ప్రతి రోగినీ కుషింగ్ లెక్కలో చేర్చలేదు. కణితి ఉన్నదని రుజువైనవారినే చేర్చినాడు. ఇది మొదటిది. కణితులను జాతులుగా విడదీయడం రెండవది. దీని విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది.

రెండు ఆసుపత్రులున్నవనుకొందాం. మొదటి దానిలో సులభమైన కణితులు 80, మరణాలు 4. కఠినమైనవి 20, మరణాలు 4. మొత్తం మీద నూటికి 8. రెండవ దానిలో సులభమైనవి 25, మరణం 1. కఠినమైనవి 75, మరణాలు 12. మొత్తం మీద నూటికి 13. పైకి చూస్తే మొదటిదే మేలు. కాని సులభమైన వాటిలో మొదటి దాని మరణశాతం 5, రెండవ దానిది 4. కఠినమైన వాటిలో 20, 16. రెండు తరగతులలోనూ రెండవ ఆసుపత్రే మెరుగు! మొత్తపు శాతాన్ని చూచి మాత్రమే తీర్పు చెబితే, కఠినమైన రోగులను చేర్చుకొన్న వైద్యునికే అపకీర్తి వస్తుంది. అప్పుడు అటువంటి రోగులను తిప్పి పంపడమే తెలివైన పని అనిపించవచ్చు. నష్టపోయేది రోగి.

అయితే కుషింగ్ కొలబద్దకు ఒక లోటున్నది. రోగి శస్త్రచికిత్సను తట్టుకొన్నాడా లేదా అన్నంతవరకే అది చెబుతుంది. ఆ తరువాత అతడు మాటాడగలిగినాడా, నడవగలిగినాడా, కణితి తిరిగి పెరిగినదా అన్నవి ఈ శాతంలో కనబడవు. చికిత్స ఫలించినదో లేదో తెలిసేవరకు ప్రతి రోగినీ గమనించాలని, ఫలించకపోతే కారణం వెదకాలని కుషింగ్ సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్మన్ 1932కు ఎంతో ముందే వాదించినాడు. కుషింగ్ కూడా ఆ దారికి వచ్చినాడు. లూయీజ్ ఐజెన్‌హార్ట్ అనే విదుషితో కలిసి మెదడు పొరల కణితులపై 1938లో ప్రకటించిన గ్రంథం పేరులో మరణశాతం లేదు. దాని స్థానంలో 'తుది ఫలితాలు' అనే మాట ఉన్నది. ఆరేళ్ళలో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు.

గ్లయోబ్లాస్టోమా అనే క్రూరమైన మెదడు క్యాన్సర్ విషయంలో ఈ మార్పు మరింత అవసరం. 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో 573 మంది రోగులను పరీక్షించినారు. కిరణ చికిత్స మాత్రమే పొందినవారి మధ్యస్థ ఆయుర్దాయం 12.1 నెలలు, దానితోపాటు టెమొజోలోమైడ్ మందు తీసుకొన్నవారిది 14.6 నెలలు. లాభం రెండున్నర నెలలు. ఆ నెలలను రోగి ఎట్లా గడిపినాడన్నది కూడా కొలవవలసినదే. 1949 నుండి వాడుకలో ఉన్న కార్నోఫ్‌స్కీ కొలమానం ఇందుకు కొంత తోడ్పడుతుంది. అందులో 100 అంటే రోగ లక్షణాలేవీ లేని స్థితి. 70 అంటే తన పనులు తాను చేసుకోగలిగినా ఉద్యోగం చేయలేని స్థితి. 0 అంటే మరణం.

కనుక మరణశాతాన్ని త్రోసివేయనక్కరలేదు. ఎటువంటి రోగులను లెక్కించినారు, ఎంతకాలం గమనించినారు, బ్రతికినవారు ఎట్లా బ్రతికినారు అన్న మూడు ప్రశ్నలను దాని ప్రక్కన ఉంచాలి. ఉపాధ్యాయులు పై ఆసుపత్రుల లెక్కను తరగతిలో నల్లబల్లమీద వేసి చూపితే, శాతాలను ఎట్లా చదవాలో విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది.