గీతకు ముందు చెయ్యి

ఈసీజీ టెక్నీషియన్ శిక్షణ అంటే చాలామందికి గీతలు చదవడమే. నా దృష్టిలో అంతకంటే ముందు, అంతకంటే ఎక్కువ కాలం నేర్పాల్సింది నమ్మదగ్గ గీత తీయడం. పన్నెండు లీడ్ల ఈసీజీకి పది ఎలక్ట్రోడ్లు అతికిస్తారు: కాళ్లకూ చేతులకూ నాలుగు, ఛాతీకి ఆరు. అందులో వీ1 రొమ్ము ఎముకకు కుడిపక్కన, నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. ఇది కంటి అంచనాకు దొరకదు. గొంతు గుంట నుంచి వేలు కిందికి జార్చి, ఎముక మీద తగిలే చిన్న మిట్టను పట్టుకుని, దాని పక్కనున్న రెండో పక్కటెముక నుంచి సందులు లెక్కపెట్టుకుంటూ దిగాలి. వీ1, వీ2 ఒకటి రెండు సందులు పైకి పోతే, ఎన్నడూ గుండెపోటు రాని మనిషికి పాత గుండెపోటు ఆనవాలు కనబడవచ్చు. కుడి ఎడమ చేతుల తీగలు తారుమారైతే మొదటి లీడ్ తలకిందులవుతుంది. సన్నటి మనిషికి తేలిగ్గా దొరికే సందు లావుపాటి మనిషికి దొరకదు. స్త్రీలకు ఛాతీ మీద బట్ట తొలగించాలంటే బిడియం. టెక్నీషియన్ కూడా మొహమాటపడి తోచినచోట అతికిస్తే నష్టం ఆమెకే. తెర లాగడం, ‘అమ్మా, ఇక్కడ అతికించాలి, కొంగు కాస్త జరుపుతారా’ అని నెమ్మదిగా అడగడం కూడా పాఠంలో భాగమే కావాలి.

యంత్రమే చదివి అచ్చు వేస్తోంది, పైగా డాక్టరు చూస్తారు కదా అనవచ్చు. ఆ ఇద్దరికీ చేరేది ఎలక్ట్రోడ్ పంపిందే. అది ఏ సందులో ఉందో కాగితం మీద రాసి ఉండదు. పడక పక్కన గుండెలయను చూపే మానిటర్ల దగ్గర ఈ సమస్య ఇంకా తీవ్రం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 77 ఐసీయూ పడకల దగ్గర 31 రోజుల్లో 25 లక్షలకు పైగా అలారాలు నమోదయ్యాయి. విడిగా పరిశీలించిన 12,671 గుండెలయ అలారాల్లో 88.8 శాతం తప్పుడువే. అన్నిటికీ అతికించిన చెయ్యే కారణమని అనను, యంత్రాల లోపాలూ ఉన్నాయి. కానీ చర్మం తుడిచి, ఆరనిచ్చి, వెంట్రుకలు తీసి అతికిస్తే కొన్నయినా తగ్గుతాయి. అన్ని తప్పుడు మోతల మధ్య నిజమైన మోతను చెవి పట్టించుకోకపోవడమే అసలు ప్రమాదం.

ప్రాణాపాయ లయలను క్షణంలో గుర్తించడం రావద్దా అన్నది బలమైన ప్రశ్న. రావాలి, అందులో రాజీ లేదు. అయితే రోగి పళ్లు తోముకుంటున్నా తెర మీద వెంట్రిక్యులర్ టాకికార్డియాలాంటి గీత రావచ్చు. గీత పేరు చెప్పగలిగినవాడు, అది గుండెదా చేతి కదలికదా అన్నది కూడా మంచం వైపు చూసి తేల్చగలగాలి. 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టంతో ఈ కోర్సులకు దేశమంతటా ఒకే ప్రమాణం తెచ్చే వీలు కలిగింది కనుక, ప్రాక్టికల్ పరీక్షలో తీగలు మార్చి తీసిన ఈసీజీ ఒకటి విద్యార్థి చేతిలో పెట్టి, జబ్బు పేరు అడగకుండా, ‘ఇప్పుడేం చేస్తావు’ అని అడగాలి. మళ్లీ మంచం దగ్గరికెళ్లి తీగలు సరిచూసి కొత్తగా తీస్తానన్నవారికే ఆ ప్రశ్నకు మార్కులు వేయాలి.