మూడో మనిషి లేని కథ: సంతాన చికిత్సలు, తెలుగు సినిమా

ఖతార్ రాజధాని దోహాకు వాయవ్య దిశలో, అల్ రయ్యాన్ పురపాలక పరిధిలో అల్ ఘర్రాఫా ఉంది. ఉద్యోగాల కోసం గల్ఫ్ చేరిన తెలుగువారు దోహాలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఇటువంటి పేటల్లోనూ కాపురాలు పెట్టుకున్నారు. పెళ్లయి అయిదారేళ్లు గడిచినా సంతానం కలగని దంపతులు అక్కడ వైద్యానికి వెళ్తే వారి ముందున్న మార్గాలు ఇవి: అండం విడుదలకు మందులు, భర్త వీర్యాన్ని శుద్ధిచేసి గర్భాశయంలోకి పంపే ఐయూఐ, శరీరం వెలుపల ఫలదీకరణ జరిపే ఐవీఎఫ్, ఒకే ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి చొప్పించే ఇక్సీ. పరాయి పురుషుడి వీర్యం, పరాయి స్త్రీ అండం, అద్దె గర్భం అక్కడ నిషిద్ధం. 1980లో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ జాద్ అల్ హఖ్ ఇచ్చిన ఫత్వా, భార్యాభర్తల బీజాలతో మాత్రమే ఈ చికిత్సను అనుమతించి మూడో వ్యక్తి ప్రమేయాన్ని తోసిపుచ్చింది. సున్నీ ముస్లిములు అధికంగా ఉన్న చాలా దేశాలు ఆ గీతనే పాటిస్తున్నాయి. ఖతార్ వాటిలో ఒకటి.

ఆ నియమం మంచిచెడ్డల చర్చ వేరు. తెలుగు సినిమా విమర్శకు మాత్రం అది ఒక గీటురాయిగా ఉపయోగపడుతుంది. మూడో మనిషిని తీసేస్తే, సంతానలేమి గురించి తెలుగు తెర చెప్పిన కథల్లో మిగిలేది ఎంత?

మూడో మనిషి మన కథాసంప్రదాయానికి కొత్త కాదు. విచిత్రవీర్యుడి వంశం నిలబడింది వ్యాసుడి నియోగం వల్ల. కుంతికి దుర్వాసుడి మంత్రం, దశరథుడి రాణులకు యాగపాయసం దక్కాయి. దేవకి గర్భం రోహిణికి మారింది. సంతానం లేకపోవడం ఒక సమస్యగా మొదలై, బయటి నుంచి వచ్చిన శక్తితో పరిష్కారం కావడం ఈ కథలన్నింటికీ పొందిక. గాంధారి కుండలను చూపి పురాణాల్లోనే టెస్ట్‌ట్యూబు శిశువులున్నారని సంబరపడేవారు ఈ పొందికను గమనించరు. సినిమా దాన్ని అలాగే అందుకుంది.

క్రాంతికుమార్ ‘9 నెలలు’ (2001)లో సౌందర్య పోషించిన పాత్ర, భర్త వైద్యానికి డబ్బు కోసం మరొకరి బిడ్డను మోస్తుంది. భర్త అనుమానమే అక్కడ నాటకీయత. సింగీతం శ్రీనివాసరావు ‘వెల్‌కమ్ ఒబామా’ (2013)లో విదేశీ స్త్రీ కోసం బిడ్డను కన్న పల్లెటూరి తల్లి, ఆ బిడ్డను పెంచి మమకారం పెంచుకుంటుంది. ‘విక్కీ డోనర్’కు పునర్నిర్మాణమైన ‘నరుడా డోనరుడా’ (2016)లో వీర్యదాతే కథానాయకుడు. హరి, హరీష్ దర్శకత్వం వహించిన ‘యశోద’ (2022)లో సరోగసీ కేంద్రం నేరస్థలమైంది. ఈ నాలుగింటిలో సానుభూతి దాతకో, గర్భం మోసిన స్త్రీకో దక్కింది. పేద స్త్రీ శరీరం సరుకు కావడాన్ని ప్రశ్నించినందుకు వీటిలో కొన్నింటిని మెచ్చుకోవాలి. అయితే బిడ్డ కోసం ఆసుపత్రి గడప తొక్కిన దంపతులు వీటిలో డబ్బిచ్చేవారుగా, తప్పుకునేవారుగా, చివర్లో కళ్లనీళ్లు పెట్టుకునేవారుగా వచ్చిపోతారు. వారి లోపలి కథ తెరకెక్కలేదు.

ఇంతలో చట్టం కథల కింది నేలను కదిపింది. భారతదేశంలో 2021 నాటి సరోగసీ నియంత్రణ చట్టం డబ్బు తీసుకుని గర్భం మోయడాన్ని నిషేధించింది. అదే ఏడాది వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం, ఒక దాత బీజాన్ని ఒక జంటకు మించి ఇవ్వరాదని నిర్దేశించింది. ఒకే దాతకు పదుల సంఖ్యలో పిల్లలు పుట్టే హాస్యకథకు ఇకపై చట్టబద్ధమైన ఆధారం లేదు. 2019లో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన స్త్రీకి ఐవీఎఫ్ ద్వారా కవలలు పుట్టడం దేశమంతటా వార్త అయింది. ఇప్పుడు ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల వయోపరిమితి ఉంది. మన దగ్గర కూడా మూడో మనిషి మెల్లగా వెనక్కి జరుగుతున్నాడు.

మిగిలిన ఇద్దరి అనుభవంలో కథ లేదనడం పొరపాటు. ఐవీఎఫ్‌లో దాదాపు పది, పన్నెండు రోజులపాటు స్త్రీకి రోజూ ఇంజెక్షన్లు పడతాయి. మధ్యమధ్య స్కానింగులో అండాశయంలోని నీటితిత్తుల పరిమాణం చూస్తారు. చివరి ఇంజెక్షన్ తర్వాత సుమారు 36 గంటలకు అండాలను బయటకు తీస్తారు. పదింటిలో ఎన్ని పక్వమైనవో, వాటిలో ఎన్ని ఫలదీకరణ చెందాయో, ఎన్ని అయిదో రోజుదాకా నిలిచాయో తెలిసే ప్రతిసారీ అంకె తగ్గుతుంది. పిండాన్ని గర్భాశయంలో ఉంచాక రెండు వారాల నిరీక్షణ. ఆ తర్వాత వచ్చే రక్తపరీక్ష ఫలితం చాలాసార్లు ‘లేదు’ అనే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం వయోజనుల్లో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. ఇంత విస్తృతమైన అనుభవం సినిమాలో ఒక మాంటేజ్ పాటకు కూడా నోచుకోలేదు.

దీనికి ఒక కారణం భాషలోనే ఉంది. ‘గొడ్రాలు’ అన్న మాట తిట్టుగా నిలిచింది. అంతే బరువున్న పుంలింగ పదం వాడుకలో లేదు. సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుందని వైద్యం చెబుతున్నా, మొదట పరీక్షకు వెళ్లేది సాధారణంగా భార్యే. వీర్యపరీక్ష ఖర్చు తక్కువ, నొప్పి లేదు. భర్త అహం ఒక్కటే అడ్డు. ఈ అహాన్ని కథావస్తువు చేసిన చిత్రం ‘సంతాన ప్రాప్తిరస్తు’ (2025). శుక్రకణాలు తక్కువున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగిని నాయకుడిగా నిలబెట్టడం తెలుగు తెరకు చెప్పుకోదగ్గ ముందడుగు. కానీ కథను మామా అల్లుళ్ల పంతం, హాస్యం నడిపించాయి. నవ్వు వల్ల విషయం గడప దాటి బయటికి వచ్చింది. నవ్వు వల్లే భార్య భయం, భర్త సిగ్గు లోతుగా కనిపించకుండానూ పోయాయి.

అల్ ఘర్రాఫాలోని అద్దె ఇంటిలో అటువంటి దంపతులకు ఇంజెక్షన్ల రోజుల్లో వండిపెట్టే తల్లి దగ్గర ఉండదు. ‘విశేషం ఏమైనా ఉందా?’ అన్న ప్రశ్న మాత్రం శుక్రవారం ఫోనులో తప్పకుండా వినిపిస్తుంది. సెలవుకు కారణం చెప్పాలి, ఫ్రిజ్‌లోని మందుల పెట్టెను ఇంటికొచ్చిన స్నేహితుల కంటపడకుండా దాచాలి. దాత లేడు, అద్దె తల్లి లేదు, ప్రతినాయకుడు లేడు. ఫలితం రాని సాయంత్రం ఎవరు ముందు మాట్లాడాలన్నదే వారి ముందున్న ప్రశ్న. తెలుగు కథకుడికి ఇంతకంటే పెద్ద ఘర్షణ అవసరం లేదు. బిడ్డ పుట్టడమే ముగింపుగా ఉండాలన్న పాత పొందికను వదులుకోగలిగితే, ఈ చికిత్సను చేరని సినిమా ఆ ఇంటి తలుపు దాకానైనా చేరుతుంది.