గెలిచి తెచ్చుకున్న బెర్తు

2022 అక్టోబరులో అండర్-17 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఆతిథ్య జట్టుగా నేరుగా బరిలోకి దిగిన మన అమ్మాయిలు భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 0-8తో, మొరాకో చేతిలో 0-3తో, బ్రెజిల్ చేతిలో 0-5తో ఓడారు. ఒక్క గోలూ కొట్టలేకపోయారు. తప్పు వాళ్ల మీద వేయడం అన్యాయం. అర్హత పోటీ ఆడే పని లేకుండా నేరుగా దొరికిన చోటు అది. గెలవకపోతే ఇంటికే అన్న మ్యాచ్‌లో ఆటగత్తె నేర్చుకునేది మరెక్కడా దొరకదు. అందుకే యువ జట్లకు అర్హత టోర్నీ ప్రధాన టోర్నీకి ఏమాత్రం తీసిపోదని నా వాదన.

2025 ఆగస్టులో యాంగూన్‌లో జరిగిన అండర్-20 మహిళల ఆసియా కప్ అర్హత పోటీలనే చూడండి. ఎనిమిది గ్రూపుల విజేతలకు, రెండో స్థానంలో నిలిచినవాటిలో మెరుగైన మూడు జట్లకు మాత్రమే థాయ్‌లాండ్‌లోని ప్రధాన టోర్నీలో చోటు. 6, 8, 10 తేదీల్లో మూడు మ్యాచ్‌లు. మధ్యలో ఒక్కరోజే విశ్రాంతి. పదకొండు మందితో నెట్టుకొస్తే మూడో మ్యాచ్‌కు కాళ్లు కదలవు కాబట్టి బెంచి మీదున్న అమ్మాయిలనూ నమ్మాలి. ఇండోనేసియాతో 0-0 డ్రా కాగానే లెక్క బిగుసుకుంది. ఇక తుర్క్‌మెనిస్థాన్‌పై ఎన్ని గోల్స్ వస్తే అంత మేలు, ఎందుకంటే రెండో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వస్తే గోల్స్ తేడా అక్కరకొస్తుంది. మనవాళ్లు ఏడు కొట్టారు. చివరి మ్యాచ్ మయన్మార్‌తో, వాళ్ల సొంతగడ్డ మీద. 27వ నిమిషంలో పూజ గోల్ కొట్టాక, గంటకు పైగా ఆ ఒక్క ఆధిక్యాన్నే కాపాడుకున్నారు. స్థానిక ప్రేక్షకుల హోరులో బంతిని ఎక్కడ ఆపాలో, ఎప్పుడు దూరంగా తన్నేయాలో తేల్చుకోవడం శిక్షణ శిబిరంలో అబ్బే విద్య కాదు. 20 ఏళ్ల తర్వాత ఆ వయసు విభాగంలో భారత్ ఆసియా కప్‌కు చేరింది. అదే ఏడాది అక్టోబరులో బిష్కెక్‌లో జరిగిన అర్హత పోటీల్లో అండర్-17 అమ్మాయిలకు పరీక్ష ఇంకా గట్టిది. మూడే జట్లున్న గ్రూపు, గెలిచినవాళ్లకే చోటు. కిర్గిజ్ జట్టుపై 2-1తో నెగ్గి, ఉజ్బెకిస్థాన్‌తో మ్యాచ్‌లో విరామానికి ఒక గోల్ వెనుకబడి కూడా 2-1తో గెలిచారు.

బలహీన జట్టుపై 7-0తో గెలిస్తే ఏం నేర్చుకుంటారని కొందరు అడుగుతారు. నేర్చుకునేది కొంతే, ఒప్పుకోవాల్సిందే. కానీ ఓడిన ఆ అమ్మాయిలకూ దేశం తరఫున ఆడే వేదిక ఇదే. ఇది లేకపోతే చాలా దేశాల్లో ఈ వయసు జట్టును కూర్చే అవసరమే సమాఖ్యలకు కనిపించదు. ఆ ఖర్చుతో పెద్ద దేశాలతో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడించవచ్చన్నది మరో మాట. ఆడించాల్సిందే. అయితే అక్కడ ఓడినా పోయేదేమీ లేదు. బిష్కెక్‌లో విరామ సమయాన ఆ అమ్మాయిల మీద పడిన భారం అందులో ఉండదు. జపాన్ లాంటి మేటి జట్ల స్థాయికి మనం చాలా దూరంలో ఉన్నామన్నది నిజం. ఆ దూరం తగ్గాలంటే ఇలాంటి మ్యాచ్‌లు పెరగాలి.

అసలు లోటు ఇంటి దగ్గర ఉంది. అర్హత పోటీలో వెనుదిరిగితే ఆ అమ్మాయికి రెండు మూడు మ్యాచ్‌లతోనే టోర్నీ అయిపోతుంది. మిగతా ఏడాదంతా ఆడటానికి లీగ్ కావాలి. నిజామాబాద్ నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య నేడు సీనియర్ జాతీయ జట్టులో ఆడుతోంది. ఆమె వెనుక మరికొందరు రావాలంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో బాలికల లీగులు ఏటా క్రమం తప్పకుండా జరగాలి. మీ ఊరి బడిలో అమ్మాయిలకు మైదానంలో సమయం ఇస్తున్నారో లేదో ఒకసారి వెళ్లి అడగండి.